భావానువాద బైబిలు: ఇంటి పఠనానికి, వేదికపై బోధకు తేడా ఉంది

సంపాదకుల వారికి,

అయ్యా,

గాజువాకలోని మా ఇంట్లో కుటుంబ ప్రార్థనకు మొన్నమొన్నటి దాకా బైబిలు పాత అనువాదమే చదివేవాళ్లం. ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయంలో 3వ వచనం నుంచి 14వ వచనం దాకా గ్రీకు మూలంలో ఒకే వాక్యంగా సాగే భాగాన్ని చదువుతూ, తొమ్మిదో తరగతిలో ఉన్న మా అమ్మాయి సగంలో ఆగి, ‘ఇక్కడ ఎవరు ఎవరికి ఏం చేశారమ్మా?’ అని అడిగింది. మరునాడు మాటకు మాట కాకుండా భావాన్ని వాడుక భాషలో చెప్పే భావానువాదం చేతికిస్తే, అదే భాగాన్ని గుక్కతిప్పుకోకుండా చదివి, అక్షరం ముక్క రాని మా అత్తగారికి తన మాటల్లో విడమరిచి చెప్పింది. ఆ మేలు కళ్లారా చూసినదాన్ని కనుక, ఇటువంటి ప్రతులు దేవుని వాక్యాన్ని పలచన చేస్తాయని కొట్టిపారేసే పెద్దలతో నేను ఏకీభవించలేను.

అయితే ఈమధ్య నగరంలో జరిగిన ఒక సభలో ప్రసంగీకులు అటువంటి ప్రతిలోని ఒకే ఒక్క మాటను పట్టుకుని గంటసేపు సిద్ధాంతం బోధించారు. ఇంటికి వచ్చి పాత అనువాదం తెరిచి చూస్తే ఆ మాటే లేదు. అది అనువాదకులు అర్థం తేటపడడానికి చేర్చుకున్నది. నా ఆవేదన అందుకే.

ఇంగ్లిషులో 1971లో వెలువడిన ‘లివింగ్ బైబిల్’ను కెన్నెత్ టేలర్ తన పిల్లలకు అర్థం కావాలనే తపనతో మొదలుపెట్టారు. ఆయన ఆధారం హీబ్రూ, గ్రీకు మూలాలు కావు, 1901 నాటి ఇంగ్లిషు అనువాదం. భావానువాదంలో మేలుతోపాటు ప్రమాదమూ ఉందని, మూల రచయిత ఉద్దేశించనిది పాఠకుడికి చేరవచ్చని ముందుమాటలో ఆయనే ఒప్పుకున్నారు.

మొదటి పేతురు పత్రిక 1:13లో మన పాత అనువాదం ‘మీ మనస్సు అను నడుముకట్టుకొని’ అంటుంది. దాన్ని ‘మనసును సిద్ధపరచుకోండి’ అని మారిస్తే భావం వస్తుంది గాని, నిర్గమకాండము 12:11లో ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయలుదేరడానికి నడుము కట్టుకుని, పస్కాబలి అయిన గొఱ్ఱెపిల్లను తిన్న రాత్రితో లంకె తెగిపోతుంది. పేతురు పత్రికలో అదే అధ్యాయంలో ఆరు వచనాల తరువాత వచ్చే గొఱ్ఱెపిల్ల రక్తం ఎందుకు వచ్చిందో చదివేవారికి తట్టదు. పైగా ఏ పనికైనా నడుం కట్టే తెలుగువాళ్లకు ఆ మాట విప్పి చెప్పవలసిన అవసరమే లేదు. ఇంగ్లిషు భావానువాదాన్ని చూసి తెలుగు చేస్తే, మన భాషలో సజీవంగా ఉన్న పలుకుబడే పోతుంది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున ఈ విశాఖకే వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్‌లు ఆనందరాయర్ తోడ్పాటుతో సువార్తలను తెలుగులోకి తేవడానికి పాటుపడ్డారు. 1812లో ఆ సువార్తలు బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ మిషనరీలు ఇద్దరూ కన్నుమూశారు. అంత శ్రమ పునాదిగా ఉన్న ఊళ్లో, చదువుతున్నది అనువాదమో భావానువాదమో తెలియకుండానే విశ్వాసులు ప్రతులు కొంటున్నారు.

ప్రచురణకర్తలు ‘భావానువాదం’ అనే మాటను అట్టమీదే స్పష్టంగా అచ్చువేయాలని, అలంకారంగా చెప్పిన మాటను మార్చిన చోట మూలంలోని మాటను పుట అడుగున ఇవ్వాలని, దైవసేవకులు సిద్ధాంత బోధకు మూలానికి దగ్గరగా ఉన్న అనువాదాన్నే తెరవాలని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక సండే స్కూలు ఉపాధ్యాయురాలు,
గాజువాక, విశాఖపట్నం