ఆదివారం క్లాసు

గుంటూరు

చి. సుజాతకు నాన్న దీవించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను.

ఎండలు ముదిరాయి. యార్డు రోడ్డున వెళ్తుంటే మిరప ఘాటుకు కళ్లు మండుతున్నాయి. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. సోమవారం బుజ్జి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో నీ దగ్గరకు వస్తున్నాడు. గోంగూర పచ్చడి, కందిపొడి పంపుతున్నాం. మెస్‌లో ఉప్పు ఎక్కువని అన్నావని అమ్మ కందిపొడిలో ఉప్పు తగ్గించింది. ఫోను ఎత్తడం లేదేమని అడుగుతోంది. ప్రయోగశాలలో వీలుండదని చెప్పాను.

కోటేశ్వరమ్మ అత్త మొన్న వచ్చి ఏదో అంది. నేను పట్టించుకోలేదు. రామారావు ఇంటికి పైకప్పు వేశారు, మేమిద్దరం వెళ్లి చూసి వచ్చాం. నువ్వు పీహెచ్‌డీ మానేసి ఏదో కంపెనీలో ఉద్యోగానికి వెళ్తున్నావని అత్త అంది. ఎవరు చెప్పారని అడిగితే తేల్చి చెప్పలేదు.

ఆ మర్నాడే కొత్తపేట నుంచి వెంకన్న కూతురు వచ్చింది. ‘పీహెచ్‌డీకి వెళ్లాలనుకునే మాకు అక్క చెప్పే ఆదివారం క్లాసు ఎందుకు ఆపేసింది మామయ్యా?’ అని అడిగింది. ఆ పిల్ల యూజీసీ వారి జాతీయ అర్హత పరీక్ష, అదే నెట్, రాసింది. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ రాలేదు గాని, పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత వచ్చింది. 2024 నుంచి ఆ మార్కులతోనూ చేర్చుకుంటున్నారు కదా. నెట్‌కు డెబ్బై శాతం, ఇంటర్వ్యూకు ముప్పై శాతం. ఆ అర్హత ఏడాదే చెల్లుతుందని ఆమెకు తెలియదు. నేను చెబితే ముఖం పాలిపోయింది. ఆ డెబ్బైకి కావలసిన మార్కులు ఆ పిల్ల తెచ్చుకుంది. మిగతా ముప్పైకి ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేసేవాళ్లు ఎవరున్నారు ఆమెకు? వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే.

నేను లైబ్రరీలో పనిచేసినప్పుడు నరసరావుపేట వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు. నీకు చెప్పానో లేదో. తలుపులు తీసేసరికి మెట్ల మీద ఉండేవాడు, తాళం వేసేటప్పుడు నేను లేపితే లేచేవాడు. ఎకనామిక్స్ పత్రికలన్నీ చదివాడు. ఏ సంచిక ఏ బీరువాలో ఉందో నన్ను అడగకుండానే తీసుకునేవాడు. అలాంటివాడికి పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో సీటు రాలేదు. పరిశోధన ప్రతిపాదన తెమ్మంటే తనకు తెలిసిందంతా ముప్పై పేజీలు రాసి తీసుకెళ్లాడు. ప్రతిపాదనలో ఉండాల్సింది తెలిసినదంతా కాదు, ఇంకా జవాబు దొరకని ఒక ప్రశ్న అని అతనికి ఎవరూ చెప్పలేదు. ప్రొఫెసర్ల పిల్లలకు అది అన్నం తింటూ తెలుస్తుంది. అతని తల్లి యార్డులో మిరపకాయల తొడిమలు తీసే కూలి.

తరువాతి ఏడాది కొత్తగా చేరిన ఒక లెక్చరరమ్మ అతన్ని వరండాలో కూర్చోబెట్టి, ‘నీకు తెలియనిది ఏమిటో చెప్పు’ అంది. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, శీతల గిడ్డంగిలో సరుకు పెట్టుకుని దాని మీద అప్పు తెచ్చుకునే రైతు ధర వచ్చేదాకా ఆగుతాడు, మా నాన్న కౌలు రైతు, ఆయన పేరున పొలం కాగితం లేదు, కల్లంలోనే అమ్మేస్తాడు, ఆ తేడా ఏడాదికి ఎంతో నాకు తెలియదు అన్నాడు. ఆమె లేచి నిలబడి, ‘నీ థీసిస్ ఇదేనయ్యా’ అంది. నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ ఏడాది వేసవి అంతా ఆమె అతని చేత రాయించింది, కొట్టేసింది, మళ్లీ రాయించింది. సీటు వచ్చింది, డాక్టరేటూ వచ్చింది. ఇప్పుడు ఆయన దగ్గర పిల్లలు పరిశోధన చేస్తున్నారు.

అమెరికాలోని నాష్‌విల్‌లో ఫిస్క్, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాలు కలిసి 2004లో మొదలుపెట్టిన పద్ధతి గురించి నువ్వే చెప్పావు. నల్లజాతి పిల్లల కోసం పుట్టిన ఫిస్క్‌లో మాస్టర్స్ చదివేవాళ్లను ఆ రెండేళ్లలోనే వాండర్‌బిల్ట్ ఆచార్యుల దగ్గర పరిశోధనలోకి దింపి, పీహెచ్‌డీ దాకా చెయ్యి పట్టుకుని నడిపిస్తారని. మనకూ అలాంటిది కావాలి నాన్నా అన్నావు. నీ ఆదివారం క్లాసు అదే కదమ్మా.

నీకు పాఠాలు చెప్పాలని ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. అయినా రెండు మాటలు. గైడ్‌తో మాటా మాటా వచ్చిందా? అయితే లోపల పెట్టుకోవద్దు. సెమిస్టర్‌కు ఒకసారి పరిశోధన సలహా సంఘం ముందు కూర్చుంటావు కదా, అక్కడ చెప్పు. ఆలస్యమైందని బెంగా? ఆరేళ్ల గడువు మీద ఆడపిల్లలకు మరో రెండేళ్లు ఇవ్వవచ్చని యూజీసీ 2022 నిబంధనల్లో ఉంది. ఫెలోషిప్ డబ్బు ఆగిందా? నెలకు ముప్పై ఏడు వేలు అని కాగితం మీద ఉంటే సరిపోదు, అది చేతికి అందాలి. బుజ్జి చేతికి కవరు ఇస్తున్నాను, తీసుకో. వద్దనకు. అంబేద్కర్ గారికి బరోడా వారి స్కాలర్‌షిప్ ముగిసిపోతే 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి రావలసి వచ్చింది. పొదుపు చేసుకుని, స్నేహితుడు నవల్ భథేనా దగ్గర అప్పు తీసుకుని, కొల్హాపూర్ రాజు షాహూ మహారాజ్ సాయంతో 1920లో మళ్లీ వెళ్లారు. 1923లో డీఎస్సీ డాక్టరేట్ అందుకున్నారు. ఆగడం వేరు, మానేయడం వేరు. నువ్వు ఆగావా, మానేశావా? అది ఒక్కటి చెప్పు నాకు. ఉద్యోగానికి వెళ్తానన్నా నిన్ను తిట్టను. అత్త నోట కాకుండా నీ నోట వినాలి.

రాత్రి రెండింటి దాకా మేలుకోవద్దు. తలకు నూనె పెట్టుకో. కళ్లజోడు నంబరు చూపించుకున్నావా? ఆ పాత చెప్పులు పారేసి కొత్తవి కొనుక్కో, వాననీళ్లలో జారతాయి.

వెంకన్న కూతురు రాసిన ప్రతిపాదన ఇందులో పెట్టాను, రెండు పేజీలు. నాకు చూపిస్తే బాగుందన్నాను, అంతకు మించి నాకేం తెలుసు? ప్రశ్న ఎక్కడుందో దానికి నువ్వే చెప్పాలి. ఎర్ర పెన్నుతో దిద్ది, డబ్బాతో పాటు బుజ్జి చేతికి ఇవ్వు. వాడు గురువారం తిరిగి వస్తాడు.

ఇట్లు
నాన్న