ఐరేణి కుండలు ఈసారి తక్కువే చేస్తున్నాం, కారణం చెప్పాలి

మా దగ్గర కుండలు కొనే అందరికీ నమస్కారమండీ.

పోయిన మాఘంలో పెళ్ళిళ్ళకి ఐరేణి కుండలు పట్టుకెళ్ళినవాళ్ళలో కొందరు ఫోన్ చేశారు. వారం తిరక్కుండానే పెచ్చులూడాయన్నారు. తప్పు మాదే.

మా మామగారి కాలం నుంచీ మట్టి ఊరి చెరువుదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలొచ్చాక, కోనసీమ చెరువుల్లోకి ఏటేటా గోదారి ఎర్రనీరు పారేది. అందులోని ఒండ్రు అడుగున దిగేది. వేసవిలో చెరువు ఎండాక పైపొర తీసేసి కింది జిగురుమట్టి తెచ్చుకునేవాళ్ళం. రెండేళ్ళ కిందట ఆ చెరువు చేపల సాగుకి వెళ్ళిపోయింది. ఇప్పుడది ఎండదు, మమ్మల్ని తవ్వనివ్వరు.

పెళ్ళి ఆర్డర్లు మీద పడుతుంటే సముద్రం వైపు ఊరి నుంచి ఓ ట్రాక్టరు మట్టి కొన్నాను. నల్లగా, జిగురుగా బాగానే కనిపించింది. అందులో నత్తగుల్లల ముక్కలున్నాయి. కుండలు కాల్చే ఆవంలో గుల్ల కాలితే సున్నమవుతుంది. ఆ సున్నం తర్వాత తేమ పీల్చి ఉబ్బి, కుండ పెచ్చు లేపేస్తుంది. ఊడినచోట చూడండి, నడిమిన తెల్లచుక్క ఉంటుంది. మామగారైతే చిటికెడు మట్టి పంటికింద నలిపేవారు. ఉప్పూ గుల్లా రెండూ ఆయన నాలుకకి తెలిసిపోయేవి. తొందరలో నేనా పని చెయ్యలేదు.

డబ్బులు తిరిగిచ్చేస్తున్నాం. అయినా మేళంతో మా వాకిట్లోకొచ్చి, కుండలు చేసే సారె చక్రానికి పసుపూ కుంకుమా పెట్టి పట్టుకెళ్ళే కుండ డబ్బుతో తీరేది కాదు. ఇంటి పెద్ద పోయినప్పుడు కొడుకు భుజాన మోసే కుండా ఆ సారె మీదే, ఆ మట్టితోనే చేస్తాం. దాని రేటు ఇంతవరకూ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

మొన్న హైదరాబాదు నుంచి ఒకావిడ వచ్చారు. ఇక్కడి పుట్టిల్లు అమ్మేశారట. ఆ పెరటి మట్టి గుప్పెడు కొంగున కట్టుకొచ్చి, కూతురి పెళ్ళికుండల్లో కలపమన్నారు. జల్లించి కలిపాను. కాలాక చూస్తే మిగతా కుండలకీ వాటికీ తేడా లేదు. ఆవిడ మాత్రం కుండ మీద నాలుగు నీటిచుక్కలు చల్లి, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయారు. నేను పక్కకి వచ్చేశాను.

ఈ వేసవిలో ఒక లంక రైతు తన పొలంలో మట్టి తవ్వుకోనిచ్చారు. ప్రతి ట్రాక్టరూ నేనే నోట్లో వేసుకుని చూశాను. ఇరవై కుండలు కాల్చి నెల రోజులు పక్కనపెట్టాను, ఒక్కటీ పెచ్చు లేవలేదు. కానీ ఉన్నమట్టి అరవై జతల ఐరేణి కుండలకే సరిపోతుంది. అందుకని కార్తీకం ప్రమిదలు నిరుటిలో సగమే చేస్తున్నాం. ప్రమిదల ధర పెంచడం లేదు. ట్రాక్టరు బాడుగ వల్ల పెళ్ళికుండల జతకి నలభై రూపాయలు ఎక్కువవుతుంది.

పెచ్చులూడిన కుండలు పట్టుకెళ్ళిన ఇళ్ళలో మళ్ళీ పెళ్ళి ఉంటే ముందు వాళ్ళకే, ఉచితంగా. మాఘం ముహూర్తాలవాళ్ళు దీపావళిలోపు చెప్పండి. కాల్చాక నెల రోజులు మా అరుగు మీద ఉంచి చూశాకే ఇస్తాను.