వాల్ కిల్మర్‌ని ఎందుకు తిడతావురా?

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి నవ్వాపుకోలేకపోయాను. మైకేల్ కీటన్ తర్వాత ఇంకెవరూ నీకు బ్యాట్‌మ్యాన్‌గా ఆనరు, తెలుసు. కానీ అతని తర్వాత వాల్ కిల్మర్ బ్యాట్‌మ్యాన్‌గా చేసిన 1995 సినిమా ‘బ్యాట్‌మ్యాన్ ఫరెవర్’ చెడిందంతా కిల్మర్ వల్లే అన్నావు చూడు, అదే మింగుడుపడలేదు.

అసలు తంతు అంతకు మూడేళ్ల ముందే మొదలైంది. 1992లో టిమ్ బర్టన్, కీటన్‌తో తీసిన రెండో భాగం ‘బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్’ గుర్తుందిగా? పెంగ్విన్ అనే విలన్ నోట్లోంచి నల్లటి జిగురు కారే సినిమా అది. దాని బొమ్మల్నే మెక్‌డొనాల్డ్స్ వాళ్లు పిల్లల భోజనం ప్యాకెట్ హ్యాపీ మీల్‌తో ఇచ్చారు! తల్లిదండ్రులు గొడవ చేశారు. వసూళ్లూ మొదటి భాగమంత రాలేదు. దాంతో వార్నర్ బ్రదర్స్ బర్టన్‌ని నిర్మాతగా పక్కకి జరిపి, దర్శకత్వం జోయెల్ షూమాకర్‌కి అప్పజెప్పింది. ఆ కొత్త ధోరణి నచ్చక కీటన్ తప్పుకున్నాడు. కిల్మర్ వచ్చేసరికే సినిమా రంగు ఖాయమైపోయింది.

‘ఫరెవర్’ మొదట్లోనే చూడు. హీరో సూటు తొడుక్కుని కారెక్కబోతుంటే, శాండ్‌విచ్ పట్టుకెళ్లండి అంటాడు ఇంటి నౌకరు ఆల్ఫ్రెడ్. డ్రైవ్‌త్రూలో, అంటే కారు దిగకుండానే తిండి కొనుక్కునే చోట, తింటాలే అంటాడు మనవాడు! ఆ ముక్కని మెక్‌డొనాల్డ్స్ ప్రకటనలో కూడా వాడుకున్నారు. అలిగినవాళ్లని బుజ్జగించే పని బ్యాట్‌మ్యాన్ నోటితోనే మొదలుపెట్టించారని నా అనుమానం.

ఇక ఆ సూటు. అది వేసుకుంటే సరిగ్గా కదల్లేం, చెవులు వినపడవు, కాసేపటికి పక్కవాళ్లు మనతో మాట్లాడటమే మానేస్తారని కిల్మర్ 2021లో వచ్చిన తన డాక్యుమెంటరీలో చెప్పుకున్నాడు. ఎదురుగా విలన్లుగా జిమ్ క్యారీ, టామీ లీ జోన్స్ పోటీలు పడి అరుస్తుంటే అతనేం చేస్తాడు? క్యారీ సంగతి సరే, అతని పాత్రే అంత. జోన్స్ వేసిన టూఫేస్ అంటే లోపల రెండుగా చీలినవాడు కదా, జోన్స్‌లో నాకు ఒక్కడే కనిపించాడు, వాడూ కేకలేసేవాడే.

ముసుగు తీసిన కిల్మర్‌ని చూడరా. తర్వాత రాబిన్‌గా అతని జోడీ అయ్యే కుర్ర డిక్, పగ తీర్చుకుంటానని రగిలిపోతుంటే, చంపినా ఆ బాధ పోదు, ఇంకో మొహం కోసం, ఆ తర్వాత మరో మొహం కోసం వెతుక్కుంటూ పోతావని నెమ్మదిగా చెబుతాడు. అంత గోల సినిమాలో నాకు నిజమైన బ్రూస్ వేన్, అదే ముసుగు వెనక మనిషి, కనిపించింది అక్కడే.

డబ్బుకి మాత్రం లోటు లేదు, ప్రపంచమంతా కలిపి 33 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఊపులోనే 1997లో మళ్లీ షూమాకర్, ఈసారి బ్యాట్‌మ్యాన్‌గా జార్జ్ క్లూనీ. ఆ సినిమా కొట్టిన దెబ్బకి 2005 దాకా బ్యాట్‌మ్యాన్ తెర మొహం చూడలేదు.

కాబట్టి కిల్మర్‌కి రాసిన తిట్లలో సగం స్టూడియోకి, సగం షూమాకర్‌కి పంచెయ్. జోన్స్‌కి విడిగా కొత్తవి రాసి పంపు, నేనూ చదువుతా.

ఉంటాను మరి,
నీ నేస్తం