బోటు వైర్‌లెస్‌కు ఒక్క బ్యాటరీ నుంచి కరెంటు తీయొద్దు

సంపాదకులకు,

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో చేపల వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉండే ఈ 61 రోజుల్లో ఇంజిన్ పనులు, రంగులతో పాటు వైర్‌లెస్ సెట్టు వైరింగ్ కూడా విప్పి చూడాలని బోటు యజమానులను, బోటు నడిపే సరంగులను కోరుతున్నాం.

బోటులో మాట్లాడుకునే ఈ వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్టుకు కావాల్సింది 13.8 వోల్టులు. రెండు 12 వోల్టుల బ్యాటరీలను సిరీస్‌లో (ఒకదాని ప్లస్‌ను ఇంకోదాని మైనస్‌కు) కలిపిన 24 వోల్టుల బోటులో, ఇంజిన్ నడుస్తుంటే 28 వోల్టుల దాకా ఉంటుంది. అందుకని ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగి సెట్టుకు ఇచ్చేస్తారు. సెట్టు బాగానే పలుకుతుంది, పాడయ్యేవి బ్యాటరీలు. బ్యాటరీలను ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ రెండింటికీ కలిపి 28 వోల్టులు ఉన్నాయా అనే చూస్తుంది, ఏది ఎంత నిండిందో చూడదు. వాడుతున్న బ్యాటరీ సగమే నిండుతుంది, వాడనిది 15 వోల్టులు దాటి మరిగిపోతుంది. ఒకదానికే పదేపదే డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఆఖరికి నడిసముద్రంలో సెల్ఫ్ తిరగదు. మైనస్ ఇంజిన్ బాడీకి కలవని పై బ్యాటరీ నుంచి తీస్తే మరీ ప్రమాదం: ఏంటెనా కేబుల్ తొడుగు ఇంజిన్ బాడీకి తగిలితే చాలు, షార్టయి వైరు కాలుతుంది.

మధ్యలో రెసిస్టర్ పెట్టడమూ తప్పే. 25 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు ఐదారు ఆంపియర్లు తీసుకుంటుంది, వినేటప్పుడు అర ఆంపియరే. కరెంటు తగ్గితే రెసిస్టర్ ఆపే వోల్టేజీ కూడా తగ్గి, దాదాపు 28 వోల్టులూ సెట్టు మీదే పడతాయి.

24 నుంచి 13.8కి దించే డీసీ కన్వర్టర్ పెట్టడం సరైన దారి. ఎడతెరిపి లేకుండా 10 ఆంపియర్లు ఇవ్వగలిగేదై ఉండాలి. డబ్బా మీద పెద్దగా రాసే ‘పీక్’ (కాసేపు మాత్రమే ఇవ్వగలిగే) అంకెను నమ్మొద్దు. లోపల షార్టయినా 28 వోల్టులు సెట్టుకు పోకుండా ఓవర్ వోల్టేజ్ రక్షణ ఉన్నదే కొనాలి. బ్యాటరీ పక్కనే 10 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, కన్వర్టర్ నుంచి సెట్టు వైపు 4 చదరపు మిల్లీమీటర్లది వేయాలి.

సెట్టు తగిలించే ముందు కన్వర్టర్‌కు 12 వోల్టుల, 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు పెట్టి పది నిమిషాలు వెలిగించండి. మీటర్ 13.8 దగ్గరే నిలవాలి. తర్వాత సెట్టును విడి 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతూ, పక్కన కన్వర్టర్ ఆన్ చేసి, ఆపద పిలుపులు వచ్చే 16వ ఛానల్ వినండి. బుస్సుమనే శబ్దం పెరిగితే కన్వర్టర్‌ను ఏంటెనా కేబుల్‌కు దూరంగా జరిపి, వైర్లకు ఆ రొదను తగ్గించే ఫెర్రైట్ రింగులు వేయాలి. అది వదిలేస్తే ఆపదలో ఉన్న దూరపు బోటు పిలుపు ఆ రొదలో వినపడదు.

మత్స్యశాఖ అధికారులు బోట్ల తనిఖీలో సెట్టు ఉందా లేదా అనే కాక, దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడాలని మనవి.

– మెరైన్ ఎలక్ట్రీషియన్లు, కాకినాడ