ఆ పది సెకన్ల గురించి అమ్ములుకు

కాంటన్, మిషిగన్
2015 అక్టోబరు 20

చిరంజీవి అమ్ములుకు నాన్న ఆశీస్సులు.

శనివారం రాత్రి ఫోనులో నీతో మాట్లాడిన తీరు మూడు రోజులుగా మనసులో మెదులుతూనే ఉంది. మళ్లీ ఫోను చేస్తే మళ్లీ అదే ధోరణిలో పడిపోతానన్న భయంతో కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. లక్షకు పైబడిన జనం మధ్య, చలిలో, మీ మిషిగన్ విశ్వవిద్యాలయం జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మొత్తం నిలబడే చూసి, స్టేడియం నుంచి నడిచి వస్తున్న బిడ్డను "తిన్నావా, గదికి చేరావా" అని అడగవలసిన తండ్రి, నువ్వు హలో అన్న క్షణం నుంచే చివరి క్షణాల్లో బంతి జారవిడిచిన ఆ పంటర్ (బంతిని దూరంగా తన్నేవాడు) పిల్లవాడు ఓనీల్‌ను తిట్టిపోయడం మొదలుపెట్టాడు. "నాన్నా, తరువాత మాట్లాడతాను" అని నువ్వు పెట్టేశాక కూడా కొంతసేపు ఖాళీ గదితోనే వాదించాను. మీ అమ్మ బతుకమ్మ ఆడి, ఖాళీ తాంబాళం, సత్తుపిండి డబ్బా పట్టుకుని ఇంట్లోకి వచ్చేసరికి నేను టీవీ ముందు ఒంటి చెప్పుతో నిలబడి ఉన్నానట. రెండో చెప్పు మరునాడు సోఫా కింద దొరికింది.

నా కోపానికి కారణం లేకపోలేదు. నిరుడు మన జట్టు ఐదు గెలిచి ఏడు ఓడింది. ఒకప్పుడు ఇదే జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన జిమ్ హార్బా ఈ ఏడాది కోచ్‌గా తిరిగి వచ్చి, అక్టోబరు నడిమికల్లా బీవైయూ, మేరీలాండ్, నార్త్‌వెస్టర్న్ జట్లకు వరుసగా ఒక్క పాయింటు కూడా దక్కనివ్వకుండా గెలిపించాడు. మూడు ఆటల్లో తొంభై ఏడు పాయింట్లు చేసి, ఎదుటివాళ్లకు సున్నా ఇచ్చిన జట్టును చూసి ఆశ పుట్టకపోతే మనిషే కాదు. పైగా ఎదురు నిలిచింది మిషిగన్ స్టేట్. అంతకు ముందు ఏడేళ్లలో ఆరుసార్లు మనల్ని ఓడించిన జట్టు, గంట ప్రయాణం దూరంలో ఉన్న ఊరి జట్టు, మా ఆఫీసులో నా పక్క బల్ల మీద ఆకుపచ్చ జెండా పెట్టుకుని కూర్చునే మనిషి జట్టు. సోమవారం ఉదయం ఆయన నన్ను ఏమీ అనలేదు. కాఫీ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఏమైనా అని ఉంటే కొంత నయంగా ఉండేది.

నువ్వు అక్కడే ఉన్నావు కనుక నీకు చెప్పవలసిన పని లేదు, కానీ నేను చూసింది నాకు నేను ఒకసారి వరుసగా రాసుకోవాలి. ఆట మొదలైన దగ్గర నుంచి చివరి క్షణం దాకా వాళ్లు ఒక్కసారి కూడా మనకంటే ముందుకు రాలేదు. రెండు నిమిషాల లోపు సమయం ఉండగా నాలుగో డౌన్‌లో, అంటే పది గజాలు ముందుకు పోవడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో చివరి దానిలో, వాళ్లను ఆపేశాము. అప్పుడు నేను లేచి దేవుడి దగ్గర దీపంలో నూనె పోసి వచ్చాను. మనకు 23, వాళ్లకు 21. మన వాళ్లు గడియారం కరిగించుకుంటూ వచ్చి పది సెకన్ల దగ్గర ఆగారు. నాలుగో డౌన్, ఇంకా రెండు గజాలు కావాలి, బంతి వాళ్ల వైపు 47వ గజం గీత మీద ఉంది. పంట్ చేస్తే, అంటే బంతిని దూరంగా తన్నేస్తే, కథ ముగిసినట్టే. స్నాప్, అంటే తన్నడానికి వెనక్కి అందించిన బంతి, కొంచెం కిందికి వచ్చింది. ఓనీల్ చేతుల్లో బంతి నిలవలేదు. వంగి తీసుకుని, పక్కకు తిరిగి, ఎలాగైనా తన్నేద్దామని చూశాడు. అంతలో ఆకుపచ్చ చొక్కాలు వాడి మీద పడ్డాయి, బంతి గాలిలోకి లేచి, వెతుక్కుంటూ వెళ్లినట్టు జేలెన్ వాట్స్ జాక్సన్ చేతిలో వాలింది. అతను 38 గజాలు పరుగెత్తి గీత దాటే సమయానికి గడియారంలో సున్నా. 27-23. ఆ తరువాత టీవీలో ఒక కుర్రవాడిని చూపించారు, రెండు చేతులూ తల మీద పెట్టుకుని నోరు తెరిచి ఉన్నాడు. ఆ పసుపు చొక్కాల గుంపులో నీ ముఖం కనబడుతుందేమోనని తెరకు దగ్గరగా వెళ్లి వెతికాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పదిహేడేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం ఏమిటో నీకు తెలుసు. కార్ల విడిభాగాలలో ఒకటి పగిలినా, వంకర పోయినా, ఎందుకు జరిగిందో తవ్వి తీసి రాయడమే నా పని. కొత్తగా చేరిన పిల్లలు మొదటి నెలలో నా దగ్గరికి తెచ్చే నివేదికలలో కారణం అన్న గడిలో "ఆపరేటర్ తప్పు" అని రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని నేను వెనక్కి ఇచ్చేస్తాను. మనిషి చేయి జారింది సరే, చేయి జారినా ముక్క పాడవకుండా ఆపవలసిన ఏర్పాటు ఏమైంది, అది ఎవరు పెట్టలేదు, ఎందుకు పెట్టలేదు అని ఐదుసార్లు అడగమంటాను. ఈ మాట వంద మందికి చెప్పి ఉంటాను. శనివారం రాత్రి మాత్రం నా గడిలో నేనే పెద్ద అక్షరాలతో ఓనీల్ పేరు రాసి సంతకం పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం ఆ పది సెకన్లను ఆపి ఆపి మళ్లీ చూశాను, ఈసారి పంటర్‌ను వదిలి మిగతా పదిమందిని చూశాను. బంతిని అందుకుని తిరిగి పరుగెత్తడానికి మిషిగన్ స్టేట్ వాళ్లు వెనుక ఒక్కడిని కూడా నిలపలేదు. అందరూ ముందుకే వచ్చారు, పంట్‌ను అడ్డుకోవడం తప్ప వాళ్లకు మరో పని లేదు. మన వాళ్లేమో ఆ అందుకునేవాడిని పట్టుకోవడం కోసం ఇద్దరిని రెండు అంచులలో దూరంగా నిలిపారు. అందుకునేవాడే లేనప్పుడు వాళ్లు పట్టుకునేది ఎవరిని? ఆ ఇద్దరినీ లోపలికి పిలిచి ఓనీల్ ముందు నిలబెట్టి ఉంటే, బంతి జారినా వాడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరికేది. వాళ్లు నిలబడిన తీరు చూసి, ఒక్క టైమ్ అవుట్ తీసుకుని సర్దమని చెప్పవలసినది పక్కన నిలబడిన పెద్దవాళ్లు. ఇంకొంచెం వెనక్కి వెళితే, బంతిని గోల్ గీత దాటించిన రెండు టచ్‌డౌన్‌లు కాక, మూడుసార్లు మనం బంతిని గోల్ కొయ్యల మధ్య తన్ని (ఫీల్డ్ గోల్) మూడేసి పాయింట్లతో సరిపెట్టుకున్నాము. వాటిలో ఒక్కటి టచ్‌డౌన్ అయి ఉంటే ఆ పంట్‌కు ఇంత బరువే ఉండేది కాదు. మన లైన్‌బ్యాకర్ జో బోల్డెన్‌ను టార్గెటింగ్ (ఎదుటివాడి తలకు గురిపెట్టి గుద్దడం) పేరుతో బయటికి పంపిన నిర్ణయం మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు, మారబోదు. అతన్ని వెనుక నుంచి నెట్టారు. ఆ ఒక్క విషయంలో నన్ను ఎవరూ నెమ్మదిగా ఉండమనవద్దు.

ఓనీల్ తప్పు లేదని నేను అనడం లేదు. బంతి కింద పడగానే దాని మీద పడుకుని ఉంటే, వాళ్లకు మహా అయితే ఒక్క ప్రయత్నానికి సరిపడా క్షణాలు మిగిలేవి, దాదాపు 55 గజాల దూరం నుంచి ఫీల్డ్ గోల్ తన్నవలసి వచ్చేది. కానీ ఆ లెక్క నాకు సోఫాలో కూర్చుని, ఆపి చూస్తే, ఒకటిన్నర నిమిషం పట్టింది. ఇంకొక మాట కూడా చెప్పాలి. అదే రోజు అదే పిల్లవాడు 80 గజాల పంట్ కొట్టాడు. బంతి దొర్లుకుంటూ వాళ్ల గోల్ గీత వైపు పోతుంటే నేను నీకు వరుసగా మూడు సందేశాలు పంపాను, ఇవాళ తీసి చూసుకున్నాను. మొదటి దానిలో "బంగారు కాలు" అని ఉంది. ఆ సందేశానికీ మన ఫోనుకూ మధ్య కొన్ని గంటలే.

నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి ఉంది. 1986 ఏప్రిల్ 18, శుక్రవారం. నాకు పద్నాలుగేళ్లు. షార్జాలో ఫైనల్, చివరి బంతికి పాకిస్తాన్‌కు నాలుగు పరుగులు కావాలి, చేతన్ శర్మ వేసిన ఫుల్‌టాస్‌ను జావేద్ మియాందాద్ సిక్సర్ కొట్టాడు. హనుమకొండలో మా వీధి చాయ్ హోటల్ ముందు ట్రాన్సిస్టర్ చుట్టూ మూగిన వాళ్లం ఎవరమూ చాలాసేపు కదలలేదు. మరునాడు పొద్దున్నే నేను, ఇంకో ఇద్దరం కలిసి బడి వెనుక గోడ మీద బొగ్గుతో చేతన్ శర్మ పేరు రాసి, దాని పక్కన నీకు రాయలేని మాట ఒకటి రాశాము. మా లెక్కల సారు చూసి ఏమీ అనకుండా బకెట్, కొబ్బరి పీచు తెప్పించి ఇచ్చారు. సున్నం గోడ మీద బొగ్గు సులువుగా పోదు. ఎంత రుద్దినా బూడిద రంగు మరక మిగిలి, ఆ పేరు ఇంకా చదవడానికి వీలుగానే ఉండేది. మరుసటి ఏడాది నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద అదే చేతన్ శర్మ ప్రపంచ కప్ చరిత్రలో మొదటి హ్యాట్రిక్ తీసినప్పుడు ఎగిరి గంతులు వేసిన వాళ్లలో నేనూ ఉన్నాను, గోడ మీద మరకా ఉంది. షార్జాలో ఆ బంతి వేసిన నాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. ఇప్పుడు నీ వయసు.

ఓనీల్‌కు మెల్‌బోర్న్‌లో అమ్మానాన్నలు ఉంటారు. వాడికి శనివారం రాత్రి నుంచి ఎటువంటి సందేశాలు వెళ్లాయో నువ్వు నాకంటే ముందే విని ఉంటావు. విశ్వవిద్యాలయ క్రీడా విభాగం తాత్కాలిక అధిపతి జిమ్ హాకెట్ ఆ రాతల మీద ఆదివారం అభిమానులకు బహిరంగ లేఖ రాయవలసి వచ్చింది. నేను అలాంటిదేమీ ఎక్కడా రాయలేదు. ఫోనులో నీకు చెప్పానంతే. అయితే నువ్వు ఇంచుమించు వాడి వయసు పిల్లవు, వాడు చదివే చోటే చదువుతున్నావు, ఆ మాటలు నీ చెవిలో పడ్డాయి. తప్పయింది తల్లీ.

గీత దాటిన వాట్స్ జాక్సన్ సంగతి కూడా ఆదివారమే తెలిసింది. ఆ పరుగు చివరిలోనే తుంటి ఎముక విరిగి, కీలు తప్పిందట. వాడు కూడా ఈ రాష్ట్రంలోనే బడి చదువు చదివిన పిల్లవాడు. తమ జట్టు అంతా వచ్చి మీద పడి సంబరం చేసుకుంటుంటే కింద వాడు నొప్పితో ఉన్నాడు, ఆ రాత్రి ఆస్పత్రిలో గడిపాడు. ఆ ఆటలో గెలిచిన పిల్లవాడు ఒకచోట మంచం మీద, ఓడిన పిల్లవాడు మరోచోట తలుపు వేసుకుని ఉంటే, యాభై మైళ్ల లోపు ఎక్కడో నాలాంటివాడు చెప్పు విసిరాడు.

ఎల్లుండి గురువారం దసరా. నీకు తరగతులు ఉంటాయి కనుక రమ్మని అనను. ఈ శనివారం మన జట్టుకు ఆట లేదు, నువ్వు ఉదయమే బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి అందుకుంటావు. మీ అమ్మ సర్వపిండి చేస్తానంటోంది, సత్తుపిండి నీ వాటా డబ్బాలో పెట్టి ఉంచింది. శనివారం వేసుకున్న పసుపు చొక్కా ఉతకకపోతే అలాగే తీసుకుని రా. జమ్మి ఆకు ఇక్కడ దొరకదు కనుక, ప్రతి ఏడూ చేసినట్టే ఏదో ఒక ఆకు చేతిలో పెడతాను.

అక్టోబరు 31న మినెసోటాతో ఆట ఉంది. వాళ్ల ఊళ్లోనే జరుగుతుంది కనుక నీకు టికెట్టు గొడవ లేదు. ఇంట్లో ఇద్దరం కలిసి చూద్దాం. ఓనీల్ మైదానంలోకి వచ్చినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి వెళ్లి నిలబడతాను. బంతి వాడి కాలు దాటాక నువ్వు పిలువు, వస్తాను.

ప్రేమతో,
నాన్న