డార్ట్‌మత్‌కు పిల్లల్ని పంపుతున్న అమ్మానాన్నలకు

అందరికీ నమస్కారం. పాప సొరోరిటీలో (కాలేజీ అమ్మాయిలు సొంత ఇంటితో నడుపుకునే సంఘం, అబ్బాయిలకూ ఇలాంటివి ఉంటాయి) చేరుతుందేమోనని నిన్న ఒక అక్క చాలా టెన్షన్ పడ్డారు. నాకు తెలిసింది రాస్తున్నాను.

డార్ట్‌మత్ కాలేజీ ఉన్న హానోవర్, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో చిన్న ఊరు. చుట్టూ అడవి, కొండలు, పక్కన కనెక్టికట్ నది. సాయంత్రమైతే పిల్లలు వెళ్ళడానికి పెద్దగా చోట్లు ఉండవు. అందుకే చేరే అర్హత ఉన్నవాళ్ళలో సగానికి పైగా ఈ సంఘాల్లో సభ్యులవుతారు. మొదటి ఏడాది మాత్రం చేర్చుకోరు, అది మంచి పద్ధతే.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది గమనించండి. జాతీయ సంస్థల కింద ఉన్న సొరోరిటీలు చాలావరకు తమ ఇళ్ళలో మందు పెట్టనివ్వవు. దాంతో పార్టీలు ఎక్కువగా అబ్బాయిల సంఘాల ఇళ్ళలో, వాళ్ళ ఇష్టప్రకారం జరుగుతాయి. అక్కడి సిగ్మా డెల్టా అనే సొరోరిటీ అమ్మాయిలు 1988లో జాతీయ సంస్థ నుంచి విడిపోయి సొంతంగా నిలబడ్డారు. వాళ్ళ ఇంట్లో పార్టీ వాళ్ళే పెడతారు, తలుపు దగ్గర ఉండేదీ వాళ్ళే. నాకైతే ఇది చాలా పెద్ద తేడా అనిపిస్తుంది.

మనం ర్యాగింగ్ అనేదాన్ని అక్కడ హేజింగ్ అంటారు. కొత్త సభ్యుల ఒంటిమీద వాతలు పెట్టిన విషయం బయటపడ్డాక, 2015లో ఆల్ఫా డెల్టా అనే అబ్బాయిల సంఘం గుర్తింపును కాలేజీ రద్దు చేసింది. 2024 డిసెంబరులో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం, విచారణలో తేలిన హేజింగ్ వివరాలను కాలేజీలు బహిరంగంగా పెట్టాలి. చేరేముందు ఆ నివేదికను పిల్లలతో కూర్చుని చదవండి.

రెండో ఏడాదిలోకి వచ్చే పిల్లలున్నవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, ఆదివారం కాల్‌లో మాట్లాడుకుందాం.