ఒరేయ్ శీనుగా, ఇక్కడ కవలలంటే హడలిపోతారు

ఒరేయ్ శీనుగా,

ఫోన్ ఎత్తట్లేదని తిట్టుకోకురా, గుర్రాలు దాటించే సీజన్ మొదలయ్యాక బెంగళూరు యలహంకలో రూముకి వారానికోసారి పోయినా గొప్పే, దొడ్డబళ్ళాపురం అవతల గుర్రాల ఫారంలోనే తిండీ పడకా. గుర్రాల డాక్టరంటే రేసుల్లో డబ్బులు తగలేస్తాడని మీ అమ్మకి భయం కదా, చెప్పు, రేసు చూసే తీరికే లేదు, ఎప్పుడు చూసినా వాడి చెయ్యి ఏదో ఆడగుర్రం వెనకాల భుజం దాకా ఉంటోందని.

నీ గేదె ఎదకొస్తే గోపాలమిత్రకి ఫోన్ కొడతావ్, వచ్చి సూది వేసి పోతాడు, అంతే. థరోబ్రెడ్‌కి, అదే ఈ రేసుగుర్రాల జాతికి, అలా కుదరదు, స్టాలియన్, అంటే మగగుర్రం, దాటాల్సిందే, సూదితో పుట్టిన పిల్లని స్టడ్ బుక్‌లో, అంటే జాతి రిజిస్టర్‌లో, ఎక్కించరు. ఇంకో తమాషా, ఎప్పుడు పుట్టినా ఇక్కడ అన్నిటికీ లెక్కలో పుట్టినరోజు జనవరి 1నే. మేలో పుట్టింది కూడా జనవరిదాంతో సమానంగా పరిగెత్తాలి, అందుకే ఓనర్లకి తొందర. గుర్రానికేమో పగలు పెరిగితేనే ఎద కుదురుగా వస్తుంది, అందుకని డిసెంబర్ నుంచే కొట్టంలో లైట్లేసి రోజుకి 16 గంటల వెలుతురు చూపిస్తాం, రెండు నెలలు. కరెంటు బిల్లొచ్చిన రోజు మేనేజర్ మొహం చూడాలి నువ్వు.

అసలు సంగతి ఇది. రెండు వారాల కింద ఒకదానికి అండం విడుదలైన 14వ రోజు స్కాన్ చేస్తే రెండు నల్ల గుండ్రాలు. కవలలు! మన నానమ్మ మేక రెండేస్తే ఊరంతా చెప్పుకునేది గుర్తుందా, ఇక్కడ మా పెద్ద డాక్టరుగారి మొహం మాడిపోయింది. గుర్రం మాయ గర్భసంచి మొత్తం పరుచుకోవాలిరా, రెండుంటే చోటు పంచుకోవాలి, దేనికీ తిండి చాలదు, ఏడెనిమిది నెలలు మోసి రెండూ ఈసుకుపోవడమే ఎక్కువ, తల్లికీ ప్రమాదం. 16వ రోజు దాకా అవి లోపల తిరుగుతుంటాయి, తర్వాత ఒకచోట కుదురుకుంటే, పక్కపక్కనే అయితే, ఒకదాన్ని తీయడం చాలా కష్టం. "నువ్వే చెయ్యి" అన్నారు. చిన్నదాన్ని గర్భసంచి కొమ్ము చివరకి జరిపి, వేళ్ళ మధ్య పెట్టి నొక్కా. పుటుక్కుమంది. ఉద్యోగమే, తప్పదనీ తెలుసు, కానీ ఆ రాత్రి అన్నం దిగలేదు, సబ్బేసి ఎన్నిసార్లు చెయ్యి కడుక్కున్నానో.

రెండోది నిలుస్తుందో లేదోనని నిన్న 28వ రోజు దాకా బిక్కుబిక్కుమంటూనే ఉన్నా. స్కాన్ ప్రోబ్ పెట్టగానే స్క్రీన్ మీద చిన్న చుక్క టకటకా కొట్టుకుంటోంది, గుండెరా! గుర్రాన్ని చూసుకునే సాయీసు కన్నడలో ఏదో అన్నాడు, సగమే అర్థమైంది, ఇద్దరం నవ్వుకున్నాం.

సరే, నీ గేదె ఈనిందా, పడ్డా దున్నా? ఇక్కడ 3 గంటల్లో మాయ పడకపోతే పరుగులే, గేదెకైతే 12 గంటల దాకా చూడొచ్చు. ఎవడో వచ్చి చెయ్యి పెట్టి లాగుతానంటే మాత్రం ఒప్పుకోకు, నాకు ఫోన్ చెయ్యి, ఈసారి ఎత్తుతా.

నీ
రవిగాడు